అమ్మమ్మగారింట్లో తాళపత్రాలు దొరికాయి, లైబ్రరీకి ఇవ్వాలా వద్దా?

కొబ్బరాకు:

నమస్కారమండీ. అమలాపురం పక్కన మా అమ్మమ్మగారి ఊరు. పెంకుటిల్లు అమ్మేశాం, సంక్రాంతి లోపు ఖాళీ చేసి ఇవ్వాలి. అటక మీది చెక్కపెట్టెలో తాటాకు పుస్తకాలు బయటపడ్డాయి. మొత్తం ఏడు కట్టలు. నాలుగింటికి పైనా కిందా చెక్కలున్నాయి, మిగతావి ఉత్త తాడుతో చుట్టేసి ఉన్నాయి. ఒకదాన్ని చెదలు బాగా తినేశాయి. ఇంకోదాంట్లో ఆకులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. తెలుగక్షరాలే అని తెలుస్తోంది గానీ చదవడం నా వల్ల కాలేదు. తాతగారి తాతగారు వైద్యం చేసేవారట, కార్తీకమాసంలో భాగవతం చెప్పేవారట. ఇంట్లో ఎవర్నడిగినా అంతవరకే.

తలో మాట అంటున్నారు. పెద్దమావయ్య అయితే "చదవలేని పుస్తకం ఇంట్లో ఉంచకూడదు, 2027 పుష్కరాలు వస్తున్నాయిగా, గోదాట్లో కలిపేద్దాం, మా నాన్నా కొన్ని అలాగే కలిపాడు" అంటాడు. డల్లాస్‌లో ఉన్న వాళ్ళబ్బాయికి నాలుగాకులు కావాలట, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంటాడట. పాత సామాన్లు కొనే ఆయన వచ్చి బొమ్మలున్న ఆకులున్నాయా అని అడిగాడు. లేవంటే చెక్కలకి మాత్రం రేటు చెప్పాడు! నేను యూనివర్సిటీ లైబ్రరీకి ఇద్దామంటున్నాను. మా ఆయన ఒక్కమాట అన్నారు: "మన అటక మీంచి వాళ్ళ అటక మీదకి మారతాయి, అంతేగా?" దానికి నా దగ్గర జవాబు లేదు.

ఎవరికివ్వాలి, ఎలా ఇవ్వాలి, తెలిసినవాళ్ళు చెప్పండి. నిమ్మగడ్డి నూనె రాస్తే బాగుపడతాయని యూట్యూబులో చూశాను. పసుపు రాస్తే అక్షరాలు తేలతాయని అత్తయ్య అంటోంది. రాయమంటారా?


బందరులడ్డు:

ఇవ్వకండి మేడమ్. మా తాతగారు రెండు పెట్టెల రాతప్రతులు ఒక లైబ్రరీకి ఇచ్చారు. పేరు చెప్పను, పెద్దదే. శాలువా కప్పారు, ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో గోడకుంది. నేను పెద్దయ్యాక వెళ్ళి చూపించమంటే, కౌంటరులో ఆయన "ఏ నంబరు?" అన్నాడు. నంబరేంటండీ, మా తాత ఇచ్చారంటే, "నంబరు లేకపోతే ఎక్కడని వెతకను" అన్నాడు. ఆయన తప్పేం లేదు లెండి, పాపం బీరువాలన్నీ చూపించాడు. ఫొటోలు తీసి ఇంటర్నెట్లో పెట్టేసి, కట్టలు మీ దగ్గరే ఉంచుకోండి.


సూచీపత్రం:

లడ్డు గారూ, మీ అనుభవం నేను కాదనను. ఒక యూనివర్సిటీలో ప్రాచ్య లిఖిత గ్రంథాల విభాగంలో కాటలాగు రాసి రిటైరైనవాణ్ణి. నంబరు పడని కట్టల్ని బీరువా అడుగు అరల్లో చాలా చూశాను. కానీ మీ కథలో అసలు ముక్క ఆ గుమాస్తా అన్నదే. నంబరు లేని ప్రతి ఎక్కడున్నా లేనట్టే, మీ ఇంట్లో ఉన్నా అంతే. ఇంటర్నెట్లో పేరూ ఊరూ లేకుండా పడున్న ఫొటోకీ అదే గతి.

అమ్మా కొబ్బరాకూ, ముందు చెయ్యకూడనివి చెప్తాను. నూనె రాయొద్దు. పెళుసెక్కిన ఆకు మెత్తబడ్డానికి నిమ్మగడ్డి నూనె లైబ్రరీల్లోనూ వాడతారు, అది నిజమే. కానీ ముందు దుమ్ము పూర్తిగా తీసి, ఆకు పరిస్థితి చూసి, ఎంత రాయాలో తెలిసినవాళ్ళు రాస్తారు. దుమ్ము మీద నూనె పడితే జిడ్డు మట్టి అయి గీతల్లో పేరుకుంటుంది, తర్వాత ఎవరికీ లొంగదు. పసుపు మాట మర్చిపోండి. అత్తయ్యగారు ఎందుకలా అన్నారో మాత్రం తెలుసు. తాటాకు మీద సిరాతో రాయరు, గంటంతో గీస్తారు. గీసిన తర్వాత మసీ ఆకుపసరూ పూసి తుడిస్తే, మసి గీతలో నిలుస్తుంది. ఆ మసి ఊడిపోయిన ఆకు ఖాళీ ఆకులా కనబడుతుంది. దానికి పూతలు అక్కర్లేదు. గది చీకటి చేసి, ఆకుని బల్లమీద పెట్టి, టార్చిలైటు పక్కనుంచి, బల్లకి దాదాపు ఆనించి వెయ్యండి. గీతల్లో నీడ పడి అక్షరాలు లేచొస్తాయి. ఫొటో ఆ వెలుతుర్లోనే తియ్యండి, ఫ్లాషు వద్దు. అంచులు కత్తిరించకుండా, పక్కన స్కేలు పెట్టి, రెండువైపులా తియ్యాలి.

అంటుకున్న ఆకుల మధ్య చాకు దూర్చకండి. ఎండలో పెట్టకండి. ప్లాస్టిక్ సంచులూ సెల్లోటేపూ వాటి దరిదాపులకి రానివ్వకండి. కడిగి ఆరేసిన నూలుగుడ్డలో చుట్టి, గాలి ఆడే గదిలో, గోడకి ఆనకుండా ఎత్తున పెట్టండి. చెదల కట్ట మిగతావాటితో కలిపి పెడితే ఏడూ పోతాయి, దాన్ని వేరే గదిలో పెట్టండి. తాడు విప్పితే ఆకుల వరస చెడనివ్వకండి. చెక్కలు, తాళ్ళు, మధ్యలో ఇరుక్కున్న చీటీలు, ఏవీ పారెయ్యొద్దు. ఆ సామాన్లాయనకి చెక్కలు అస్సలు ఇవ్వొద్దు! కట్ట వంకర తిరక్కుండా ఇన్నాళ్ళు కాపాడింది అవే.

డల్లాస్ అబ్బాయికి నా మాటగా చెప్పండి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం, విలువున్న రాతప్రతి 75 ఏళ్ళు దాటితే పురావస్తువే. దాన్ని దేశం దాటించడం ప్రైవేటు మనిషికి నిషేధం. సూట్‌కేసులో పట్టడం వేరు, ఎయిర్‌పోర్టు దాటడం వేరు. ఫొటో ప్రింటు ఫ్రేము కట్టించుకోమనండి, మెరుపు కూడా ఎక్కువుంటుంది. కొనడానికి వచ్చినాయన్ని కూడా లైసెన్సు ఉందా అని అడిగి చూడండి. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. మళ్ళీ మీ గుమ్మం తొక్కడు.

ఇక పెద్దమావయ్యగారు. ఆయన మీద కోప్పడకండి, ఆయన చెప్పేది పాత పద్ధతే. తాటాకుకి మన వాతావరణంలో ఆయుష్షు తక్కువ. శిథిలమైన ప్రతిని కొత్త ఆకుల మీదకి తిరగరాసి, పాతదాన్ని నదిలో వదిలేవారు. అందులో తిరగరాయడం మొదటి సగం. మనవాళ్ళు దాన్ని మర్చిపోయి రెండో సగమే పట్టుకున్నారు. ఫొటోలు తీసి, ఒక ప్రతి సిద్ధం చేసేదాకా ఆగమనండి. ఆ తర్వాత వదలాలని ఆయనకే అనిపించదు. ఆయన రోజూ చదువుకునే భాగవతం సంగతే చెప్పండి. పోతనగారి ప్రతి శిథిలమైపోతేనే కదా గంగన, సింగన, నారయ పూనుకుని కొన్ని స్కంధాలు పూరించాల్సొచ్చిందని చెప్పుకుంటాం.

మీ ఆయన ప్రశ్నకి వస్తాను. అటకకీ లైబ్రరీకీ తేడా కాటలాగు. కాటలాగులో ఎక్కడమంటే పేరు రాసుకోవడం కాదు. ఏ గ్రంథం, కర్త ఎవరు, మామూలు తాటాకా, శ్రీతాళమనే వేరే జాతి తాటాకా, కాగితమా, పొడవు వెడల్పులు, ఎన్ని ఆకులు, పుటకి ఎన్ని పంక్తులు, సమగ్రమా అసమగ్రమా, మొదటి పద్యం, చివరి గద్య, రాసినవాడు తేదీ వేస్తే ఆ తేదీ, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది. మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ప్రతుల నంబర్ల ముందు డి అనో ఆర్ అనో ఉంటుంది. డి అంటే వివరణాత్మక సూచికలోది, ఆర్ అంటే త్రైవార్షిక సూచికలోది. ఆ ఒక్క అక్షరం, నాలుగంకెల వల్ల ఎక్కడో ఉన్న పరిశోధకుడు ఉత్తరం రాసి నకలు అడగ్గలుగుతున్నాడు.

ఆ గ్రంథాలయం 1869లో పెట్టారు. అంతకుముందు కంపెనీ సర్వేయరు మెకంజీ పోగేసినవీ, సి.పి. బ్రౌన్ దొర పోగేసినవీ అక్కడ చేరాయి. బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితుల్ని జీతాలిచ్చి పెట్టుకుని, ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి పోల్చి శుద్ధప్రతి రాయించేవాడు. తర్వాత లండన్ వెళ్ళినప్పుడు, ఈస్టిండియా కంపెనీ గ్రంథాలయంలో ఎవరూ ముట్టకుండా పడున్న దక్షిణాది ప్రతుల్ని చూసి, వాటిని మద్రాసు పంపే ఏర్పాటు చేయించాడు. మన పుస్తకాలు సముద్రం దాటి అక్కడి అటకెక్కాయి, మళ్ళీ వెనక్కొచ్చాయి. అందుకని "లైబ్రరీ" అనే బోర్డు చూసి నమ్మేయకండి. చేర్చుకునే పద్ధతి అడగండి.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది. 1939లో దేవస్థానం పెట్టింది, 1956లో యూనివర్సిటీకి అప్పగించింది. మీకు దగ్గర్లో కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియం ఉంది, 1911లో పుట్టిన పరిషత్తు సేకరించిన తాళపత్రాలు అందులోనే ఉన్నాయి. హైదరాబాదులో ఉస్మానియా ఆవరణలో ప్రభుత్వ లిఖిత గ్రంథాలయం ఇంకోటి. నన్నడిగితే తిరుపతి అంటాను, తెలుగూ సంస్కృతం చదివే పిల్లలు చుట్టూ ఉంటారు కాబట్టి. దూరమనిపిస్తే కాకినాడ. ఎక్కడికైనా ముందు ఉత్తరమూ ఫొటోలూ పంపండి. కట్టలు వెంటేసుకుని వెళ్ళి బల్లమీద పెట్టి రావద్దు.

ఇచ్చేటప్పుడు దానపత్రం రెండు ప్రతులు రాయించండి. కట్ట కట్టకీ విడిగా చేరిక నంబరు వేసి, సంతకం, ముద్రతో మీ ప్రతి మీకివ్వమనండి. ఏడూ ఒకే ఇంటివని నమోదు చెయ్యమనండి. వైద్యం పక్కన భాగవతం, దాని పక్కన జాతకాలు ఉన్నాయంటే, ఆ ఊళ్ళో ఆ కాలపు మనిషి ఏం చదివాడో తెలుస్తుంది. విషయవారీగా విడదీస్తే అది పోతుంది. స్కానింగ్ చేసినప్పుడు మీకొక నకలు ఇస్తామని కూడా రాయించుకోండి. వీటికి ఒప్పుకోని చోట ఇవ్వకండి. శాలువా అడక్కండి.

చివరగా, తీరా చూస్తే అవి అచ్చయిన కావ్యాలే అయితే నిరాశపడొద్దు. ముద్దుపళని రాధికాసాంత్వనం 1887లో అచ్చయింది. ఆ ముద్రణలో పీఠిక పద్యాలూ, కవయిత్రి తన వంశం చెప్పుకున్న భాగమూ లేవు. బెంగుళూరు నాగరత్నమ్మగారికి రాతప్రతి దొరికింది కాబట్టే 1910లో పూర్తిపాఠం వావిళ్ళవారి ద్వారా వెలుగు చూసింది. మరుసటేడే సర్కారు దాని మీద పడింది, ప్రకాశం పంతులుగారొచ్చాకే నిషేధం పోయింది, అది వేరే కథ. అచ్చు పుస్తకం ఉంది కదా అని ఆ తాటాకుల్ని ఎవరో నీళ్ళలో వదిలి ఉంటే నాగరత్నమ్మగారి చేతికి ఏం వచ్చేది?


యతిభంగం:

సూచీపత్రం గారూ, నమస్కారం. నేను తెలుగులో పిహెచ్‌డీ చేస్తున్నాను, ఒక అముద్రిత యక్షగానం పరిష్కరణ, అంటే రాతప్రతి చూసి తప్పులు తేల్చి అచ్చుకి సిద్ధం చెయ్యడం. మేడమ్, మీ ఫొటోలు పంపండి, చదివి పెడతాను. ఈలోగా మీరే ఒకటి చూడొచ్చు. పద్యాలు మనలా విడగొట్టి రాయరు, పంక్తి నిండేదాకా పోతూనే ఉంటుంది. మధ్యమధ్యలో క, సీ, గీ, ఉ, చ, శా, మ, వ అని ఒంటరి అక్షరాలు అటూ ఇటూ గీతతో కనబడితే కందం, సీసం, గీతం, ఉత్పలమాల అలా అన్నమాట, వ అంటే వచనం. అలాంటివి ఉంటే కావ్యమో పురాణమో. అవి లేకుండా తులం, వరహాయెత్తు, కషాయం లాంటి మాటలుంటే వైద్యం. ఎ, ఏ ఒకేలా, ఒ, ఓ ఒకేలా కనబడితే కంగారుపడొద్దు, చాలా ప్రతుల్లో హ్రస్వదీర్ఘాల తేడా చూపించరు. ఏది ఏదో గణాలు వేసుకుంటే తేలుతుంది.

రాతలో ఒకేలా కనబడే ప, వ, ష, స తికమక మాత్రం నాకు ఇంకా వదల్లేదు. లేఖకుడు వ బదులు ప రాశాడేమో అని యతి చూస్తే లాభం లేదు, రెండూ ఒకే యతివర్గం. ఎటు రాసినా యతి చెల్లిపోతుంది! ప్రాసస్థానంలో పడితేనే దొంగ దొరుకుతాడు.

నా బాధ వేరే ఉంది. మా దగ్గర థీసిస్ ఇచ్చేలోపు పత్రాలు అచ్చవాలి. యూజీసీ ఆమోదించిన పత్రికల పట్టిక, కేర్ జాబితా, 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు, పత్రికల మంచిచెడ్డలు మీరే చూసుకోండని యూనివర్సిటీలకి వదిలారు. అప్పట్నుంచి నా ఇన్‌బాక్సు నిండా "వారంలో అచ్చు, సర్టిఫికెట్ ఉచితం" అని ఉత్తరాలు. ఒకదానికి శాంపిల్ అడిగితే, తెలుగు వ్యాసం పక్కన సిమెంటు కాంక్రీటు మీద వ్యాసం ఉంది. మా సీనియర్లు ఇద్దరు డబ్బు కట్టి వేయించేసుకున్నారు. నాకున్నది ఒకే ఒక్క తాటాకు ప్రతి. ఏకప్రతిని ఆధారం చేసుకుని పరిష్కరణ అంటే పెద్దవాళ్ళు ఒప్పుకుంటారా?


సూచీపత్రం:

ఎందుకు ఒప్పుకోరు? రెండో ప్రతి కోసం నిజంగా వెతికావని చూపించాలి, అంతే. మద్రాసు, తంజావూరు సరస్వతీమహల్, తిరుపతి, కాకినాడ, హైదరాబాదు సూచికలన్నీ తిరగేసి, ఎక్కడ ఏ నంబరు చూశావో పీఠికలో రాయి. యక్షగానం అంటున్నావు కాబట్టి తంజావూరు ముందు చూడు. నాయక, మరాఠా రాజుల కాలపు తెలుగు ప్రతులు అక్కడ దండిగా ఉన్నాయి. దొరక్కపోతే ఏకప్రతి అనే చెప్పుకుని, ఉన్న పాఠాన్ని ఉన్నట్టు వెయ్యి. నువ్వు దిద్దినవి మూలంలో కలపకుండా పుట అడుగున పెట్టు. రేపు ఇంకో ప్రతి దొరికినవాడు నీ దిద్దుబాటు తప్పని తేల్చినా, నీ పుస్తకం పనికొస్తుంది. తోచినట్టు దిద్దేసి, దిద్దానని చెప్పకుండా వేసినవాళ్ళతోనే పేచీ. పాత అచ్చుపుస్తకాల్లో అదే పెద్ద తలనొప్పి, ఏది కవి మాటో ఏది పరిష్కర్త మాటో తెలిసి చావదు.

డబ్బడిగే పత్రికలకి ఇవ్వకు. కాంక్రీటు పక్కన యక్షగానం ఎవడు చదువుతాడు? లిఖిత గ్రంథాలయాల బులెటిన్లు, తిరుపతివారి ప్రాచ్య పత్రిక లాంటివి ఇలాంటి చిన్న గ్రంథాలు వెయ్యడానికే పుట్టాయి. ఆలస్యం చేస్తారు. భరించు. వ్యాసం పేరులోనే ప్రతి నంబరు పడేలా చూడు. థీసిస్ ఎలాగూ శోధగంగలోకి, థీసిసులన్నీ పెట్టే ఆ వెబ్‌సైటులోకి, వెళ్తుంది కదా, అందులో మొదటి అధ్యాయంలో ప్రతి వర్ణన శుభ్రంగా రాయి. నీ సిద్ధాంతం నచ్చనివాడు కూడా ఆ నాలుగు పేజీల కోసం వెతుక్కుంటూ వస్తాడు.


బందరులడ్డు:

దానపత్రంలో కట్ట కట్టకీ నంబరు అన్నారు చూడండి, అది మా తాతగారికి ఎవరూ చెప్పలేదు. ఒక సందేహం. మావి ఏ నంబరూ లేకుండా అక్కడే ఉండుంటే, ఇప్పుడేమైనా చెయ్యొచ్చా?


సూచీపత్రం:

చెయ్యొచ్చు. శాలువా ఫొటో వెనక తేదీ ఉందేమో చూడండి. ఆ ఏడాది చేరిక రిజిస్టరు చూపించమని రాతపూర్వకంగా అడగండి. సూచికకి ఎక్కకపోయినా, చేరిక రిజిస్టరులో "ఫలానా వారు ఇచ్చిన రెండు పెట్టెలు" అని ఒక పంక్తి ఉండే అవకాశం ఉంది. ఇచ్చినాయన పేరుతో అడగండి, పుస్తకం పేరుతో అడిగితే దొరకదు. ప్రభుత్వ సంస్థే అయితే సమాచార హక్కు దరఖాస్తు ఉండనే ఉంది. కానీ ముందు మర్యాదగా అడగండి.


కొబ్బరాకు:

అందరికీ చాలా థాంక్సండీ. టార్చిలైటు చిట్కా అద్భుతం. ఖాళీ ఆకులనుకున్నవాటి నిండా రాతే ఉంది! క, సీ, గీ అక్షరాలు చెక్కలున్న నాలుగు కట్టల్లోనూ కనబడ్డాయి. తాడు కట్టల్లో ఒకటి వైద్యమే, "శొంఠి", "పిప్పలి" అని నేనే చదివాను. పెద్దమావయ్యకి తిరగరాసే మాట చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "రిజిస్టరులో మా తాత పేరు వేస్తారా?" అని అడిగాడు. వేస్తారని రాయించుకుంటామన్నాను. "అయితే చూద్దాం" అన్నాడు, ఒప్పుకున్నట్టో కాదో తెలీదు. డల్లాస్ బాబు మాత్రం చట్టం లింకు పంపమంటున్నాడు.

ఇంకోటి. భాగవతం అనుకుంటున్న కట్ట చివరాకులో "విరోధినామ సంవత్సర శ్రావణ శుద్ధ పంచమి గురువారం నాటికి వ్రాసి" అని ఉంది, నేను చదివింది సరైతే. దీన్నిబట్టి ఎంత పాతదో చెప్పగలరా?


సూచీపత్రం:

సరిగ్గానే చదివినట్టున్నావు తల్లీ. పేర్లు అరవయ్యేళ్ళకోసారి తిరిగొస్తాయి. విరోధి మొన్న 2009లో వచ్చింది. వెనక్కి లెక్కేస్తే 1949, 1889, 1829, 1769. 1949లో తాటాకు మీద భాగవతం రాసినవాడు ఉంటాడనుకోను, అది కొట్టేద్దాం. 1889 నాటికి అచ్చు భాగవతాలు బజార్లో దొరుకుతున్నాయి, అయినా పల్లెల్లో గంటం పట్టేవాళ్ళు ఉన్నారు, కాబట్టి దాన్ని కొట్టెయ్యలేం. మిగతా పని వారం చేస్తుంది. ఏ సంవత్సరంలో శ్రావణ శుద్ధ పంచమి గురువారం పడిందో స్వామికన్ను పిళ్ళైగారి పంచాంగ గణిత గ్రంథంలో చూడాలి. ఏ పెద్ద యూనివర్సిటీ లైబ్రరీలోనైనా ఉంటుంది. యతిభంగం, నీకు దగ్గర కాబట్టి ఆ పని నీది. రెండేళ్ళకి కుదిరితే రెండూ రాసుకో, నచ్చిన ఏడాది ఎంచుకోకు.

శకవర్షం అంకెల్లో ఏమైనా వేశాడేమో చూడమ్మా, చాలామంది వెయ్యరు గానీ వేస్తే ఈ తంటా ఉండదు. ఆ చివరాకు వెనకవైపూ, దాని తర్వాత ఖాళీగా ఉన్న రక్షక పత్రాలూ కూడా టార్చి వేసి ఫొటో తియ్యి. రాసినాయన పేరూ, ఊరూ, ఎవరికోసం రాశాడో అక్కడ గీసిపెట్టడం నేను చాలాసార్లు చూశాను.